ఉస్మానియా ఆసుపత్రి పాత భవనం గురించి బహిరంగ లేఖ

గౌరవనీయులైన అధికారి గారికి,

అర్జీలు ఇచ్చాం, జవాబు రాలేదు, అందుకే నలుగురి ముందు రాస్తున్నాం. 2020 జూలైలో వార్డుల్లోకి నీళ్లొచ్చాక పాత భవనం ఖాళీ చేయించి తాళాలు వేశారు. అంత పెద్ద హాళ్లు ఖాళీగా ఉండగా, ఊళ్ల నుంచి వచ్చిన పేద రోగులు మిగతా బ్లాకుల్లో ఇరుక్కుని తిప్పలు పడ్డారు.

1908 మూసీ వరదలో ఆ ఆవరణలోని చింతచెట్టెక్కి నూటయాభై మంది దాకా బతికారు. తర్వాత ఏడో నిజాం హయాంలో, విన్సెంట్ ఎష్ గీసిన ప్లానుతో లేచిన భవనం ఇది. ఇప్పుడు పగుళ్లలో రావిమొక్కలు వేళ్లూనుతున్నాయి, సున్నం పెచ్చులు రాలుతున్నాయి. 2019లో జనం కోర్టుకెళ్తేనే ఇర్రం మంజిల్ అనే పాత ప్యాలెస్ కూల్చివేత ఆగింది, ప్రతి కట్టడానికీ కోర్టు మెట్లెక్కాలా సార్?

గోషామహల్‌లో 2025 జనవరిలో కొత్త ఆసుపత్రికి శంకుస్థాపన జరిగింది, సంతోషం, రోగులకు అది కావాల్సిందే. మరి పాతదాని సంగతేంటి? వానలు పడేలోపు పైకప్పు కారకుండా చేయించండి, అదీ సున్నంతోనే, ఎందుకంటే సిమెంటు పూస్తే తేమ గోడలోనే ఉండిపోయి పాత ఇటుక దెబ్బతింటుంది. మరమ్మతులు ఎప్పుడు మొదలై ఎప్పటికి పూర్తవుతాయో తేదీలతో రాతపూర్వకంగా ప్రకటించండి.

ఇట్లు,
అఫ్జల్‌గంజ్ చుట్టుపక్కల నివాసులం