సీనూ, పీహెచ్‌డీ సంగతి

ఒరేయ్ సీనూ,

ఎట్టున్నావురా? కెమిస్ట్రీలో పీహెచ్‌డీకి ఏమేం కావాలని ఒక్క ముక్క అడిగి ఊరుకున్నావు గానీ, అది ఫోన్లో తెమిలేది కాదు. పండక్కి కావలి వచ్చాను, తీరిక దొరికింది, కూర్చుని రాస్తున్నా.

ముందు నీ వయసు. ఇరవై ఎనిమిది దాటాయి. జేఆర్‌ఎఫ్‌కి, అంటే పీహెచ్‌డీ చేసేవాళ్ళకి నెలనెలా ఇచ్చే ఫెలోషిప్‌కి, జనరల్ వాళ్ళకి ముప్పై ఏళ్ళే హద్దు, దానికి రాయాల్సిన సీఎస్‌ఐఆర్ నెట్ పరీక్ష ఏడాదికి రెండుసార్లే, కాబట్టి ఈ జూన్‌ది వదలకు. ఎమ్మెస్సీలో 55 శాతం అడుగుతారు, నీకు అంతకన్నా ఎక్కువే ఉన్నాయి. పేపర్ 200 మార్కులకి. అందులో సగం పార్ట్ సీదే: అరవై ప్రశ్నల్లో ఇరవై ఐదు రాస్తే చాలు, ఒక్కోటి నాలుగు మార్కులు, తప్పయితే ఒకటి పోతుంది. అందుకే సిలబస్ అంతా మింగాలని చూడకురా, రోజూ కంపెనీలో చేసే ఆర్గానిక్ నీకు చేతిలో ఉంది, క్వాంటమ్, థర్మో గట్టిగా పట్టు. జేఆర్‌ఎఫ్ వస్తే మొదటి రెండేళ్ళు నెలకి 37 వేలు, తర్వాత 42 వేలు. చెల్లి పెళ్ళి అప్పు నీ మీదే ఉంది కదా, ఫెలోషిప్ లేకుండా చేరొద్దనే నా మాట.

చేరాక కనీసం 12 క్రెడిట్ల కోర్సు వర్క్, ప్రతి సెమిస్టర్ కమిటీ ముందు రిపోర్టు, చివర్న థీసిస్, ఇద్దరు బయటి ఎగ్జామినర్లు, వైవా. కనీసం మూడేళ్ళు, మామూలుగా ఆరేళ్ళలోపు. పేపర్ అచ్చవ్వాలన్న షరతు 2022 యూజీసీ నిబంధనల్లో తీసేశారు, అయినా రేపు పోస్ట్‌డాక్‌కి, అంటే పీహెచ్‌డీ తర్వాతి పరిశోధనకి వెళ్తే ముందు చూసేది పేపర్లే.

ఇవన్నీ దాటొచ్చు. నాకు కష్టమైంది వేరే. మూడో ఏడాదిలో నెలల తరబడి ఒకే ఒక్క కాంపౌండ్ దగ్గర ఆగిపోయాను. ఎన్ని పదార్థాలున్నాయో మచ్చల్లో చూపే టీఎల్‌సీ ప్లేటు యూవీ లైటు కింద పెడితే చక్కగా ఒకటే స్పాట్, అణువు నిర్మాణం చూపే ఎన్‌ఎంఆర్ తీస్తే రెండు కాంపౌండ్లు కలిసున్నాయి. వాటిని విడదీయడానికి హెక్సేన్, ఇథైల్ అసిటేట్ సాల్వెంట్ల పాళ్ళు మార్చి మార్చి పది కాలమ్‌లు (సిలికా నింపిన గొట్టాలు) వేశాను, సిలికా దుమ్ముకి గొంతు మండేది, అన్నం ముద్దలో కూడా ఆ సాల్వెంట్ వాసనే. ఓ రాత్రి తొమ్మిదింటికి మా గైడ్ సార్ నా పక్కన నిలబడి ప్లేటు చేతిలోకి తీసుకుని, హెక్సేన్ ఆపి టోలుయీన్‌తో వేసి చూడమన్నారు. పదకొండో కాలమ్‌లో రెండూ విడిపోయాయి. ఏడ్చేశానురా. అదే ఏడాది ఇంకో ల్యాబ్‌లో మా ఫ్రెండ్ రాసిచ్చిన చాప్టర్ వాళ్ళ గైడ్ టేబుల్ మీద ఎనిమిది నెలలు పడి ఉంది, వాడి తెలివికి ఏం తక్కువ చెప్పు?

అందుకని ఇంటికి దగ్గరని కాకుటూరు యూనివర్సిటీయో, పేరుందని హైదరాబాదో అనుకోకు. గైడ్‌ని చూసి చేరు. ముందుగా ల్యాబ్‌కి వెళ్ళి, సార్ లేనప్పుడు సీనియర్లతో టీ తాగు. ఎన్నేళ్ళకి సబ్మిట్ చేస్తున్నారు, ఎన్‌ఎంఆర్ అక్కడే ఉందా, బయటికి పంపాలా, అడుగు. ప్రొఫెసర్‌కి ఎనిమిది మంది పీహెచ్‌డీ స్టూడెంట్లు, అసోసియేట్‌కి ఆరుగురు, అసిస్టెంట్‌కి నలుగురే హద్దు, ఖాళీ ఉందో లేదో కనుక్కో.

ఆదివారం నెల్లూరులో పినాకిని రైలెక్కి వచ్చెయ్. నా పాత నెట్ నోట్సు అటక మీద నుంచి దించి పెట్టాను, ఫిజికల్‌ది మాత్రం చెదలు పట్టి సగమే మిగిలింది, ఆ భాగం ఇద్దరం కూర్చుని మళ్ళీ రాసుకుందాం.

నీ
గిరి