వర్జిన్ అని రాసి రిఫైన్డ్ కొబ్బరి నూనె అమ్మినందుకు ఫిర్యాదు

వినియోగదారుల సేవా విభాగం వారికి,

మా అమ్మాయి పురిటికి అనంతపురం వచ్చింది. నెల బిడ్డకు ఒంటికి రాయడానికని సప్తగిరి సర్కిల్ దగ్గర మీ అర లీటరు సీసా 420 రూపాయలు పెట్టి కొన్నాను. ముందు వైపు పెద్ద అక్షరాలతో ‘వర్జిన్ – పచ్చికొబ్బరి పాల నుంచి తీసినది’ అని ఉంది.

మూత తీస్తే వాసనే లేదు. అరచేతిలో వేసి రుద్దినా లేదు. సీసా తిప్పి చూస్తే, బార్‌కోడ్ పక్కన ఆవగింజంత అక్షరాల్లో ‘పదార్థాలు: రిఫైన్డ్ కొబ్బరి నూనె’ అని ఉంది.

ఈ రెండూ ఒకటి కావని మీకు తెలియదా? రిఫైన్డ్ నూనెకు ఎండుకొబ్బరి ఆడిస్తారు. ఆ నూనెలో రంగును పీల్చే మట్టి పొడి కలిపి వడగట్టి, 200 డిగ్రీలు దాటిన వేడిలో ఆవిరి పట్టించి వాసన పోగొడతారు. అది వంటకు పనికిరాదని నేను అనడం లేదు. కానీ వర్జిన్ నూనెకు ఎక్కువగా పచ్చికొబ్బరి పాలే ఆధారం. వాటిని యంత్రంలో వేగంగా తిప్పి గానీ, ఒకటి రెండు రోజులు పులియనిచ్చి గానీ నూనెను వేరు చేస్తారు.

మా అమ్మ కాచి తీసేది. నాలుగు కాయలు కోరి, పాలు పిండి, ఇత్తడి గిన్నెలో సన్నని మంట మీద పెట్టేది. పాలు విరిగి, అడుగున మడ్డి ఎర్రబడి, చిటపటలు ఆగాక నూనె పైకి తేలేది. వీధి గుమ్మం దాకా కమ్మని వాసన. ఆ మడ్డిలో బెల్లం కలిపి పిల్లలకు పెట్టేది. ఇంత చేస్తే గ్లాసు నూనె కూడా నిండేది కాదు. ఆ కష్టం తెలుసు కాబట్టే మీరు అడిగిన ధర ఇచ్చాను.

మీ సహాయ కేంద్రానికి ఫోను చేస్తే ‘చలికి గడ్డకడుతోంది కదా, అసలైనదే’ అన్నారు. సుమారు 24 డిగ్రీలకు దిగితే రిఫైన్డ్ నూనె కూడా గడ్డకడుతుంది. నేను అడిగింది అది కాదు.

నా 420 రూపాయలు తిరిగి ఇవ్వండి. ఈ లేబుల్ ఉన్న సీసాలను దుకాణాల నుంచి వెనక్కి తీసుకోండి. ఏ నూనె, ఎలా తీశారో ముందు వైపే చదవగలిగే అక్షరాల్లో వేయండి. 15 రోజుల్లో రాతపూర్వకంగా జవాబు రాకపోతే, 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం కింద జిల్లా కమిషన్‌లో కేసు వేస్తాను.

బిల్లు, సీసా రెండు వైపుల ఫొటోలు జతపరిచాను. సీసా నా దగ్గరే ఉంది. బిడ్డకు మాత్రం రాయలేదు.

ఇట్లు,
ఒక వినియోగదారు,
అనంతపురం