ఫ్రైస్ ఎందుకు మారాయంటే

మా బర్గర్ షాపులో ఫ్రోజెన్ ఫ్రైస్ మానేసి, బంగాళాదుంపలు మేమే కోసి వేయిస్తున్న సంగతి మీ అందరికీ ఈపాటికి తెలిసే ఉంటుంది. కౌంటర్ దగ్గర ఒక్కొక్కరికీ చెబుతుంటే వెనకాల లైన్ ఆగిపోతోంది. పైగా ఒకరికి చెప్పింది ఇంకొకరి దగ్గరికి వెళ్లేసరికి వేరే కథ అవుతోంది. "సప్లయర్‌కి డబ్బులు ఎగ్గొట్టారట కదా" అని నన్నే అడిగేదాకా వచ్చింది. అందుకే జరిగింది జరిగినట్టు రాస్తున్నాను. బర్గర్లు, సాస్‌లు, టైమింగ్స్ ఏవీ మారలేదు, వాటి గురించి టెన్షన్ పడకండి.

ఇన్నాళ్లూ మేం వేసినవి ఫ్రోజెన్ ఫ్రైస్. అందులో దాపరికం ఏమీ లేదు, ఈ వ్యాపారంలో చాలామంది చేసేది అదే. సరుకు బాగున్నంతకాలం నేనూ రెండో ఆలోచన చేయలేదు. ఆమధ్య వచ్చిన లోడ్‌లో ఒక బాక్స్ తెరిస్తే ముక్కలు విడివిడిగా లేవు. ఇటుకలా ఒకే గడ్డ, సందుల్లో మంచు పలుకులు. అంటే దారిలో ఎక్కడో కరిగి, మళ్లీ గడ్డకట్టాయన్నమాట. ఆ గడ్డను విరగ్గొట్టి నూనెలో వేస్తే మంచు ఒక్కసారిగా ఆవిరై నూనె చిమ్మింది. ఫ్రయర్ దగ్గర ఉన్న కుర్రాడు వెనక్కి గెంతాడు కాబట్టి సరిపోయింది. వేగాక చూస్తే అంచులు మాడిపోయాయి, లోపల తడితడిగా ఉంది. ఆ లోడ్ మొత్తం పారేశాం. తర్వాత వచ్చిన లోడ్ కూడా అదే తంతు.

సప్లయర్‌కి ఫోటోలు పంపాను. "మీ ఫ్రీజర్ ఒకసారి చెక్ చేయించుకోండి" అని జవాబు వచ్చింది. మా ఫ్రీజర్ మైనస్ 18 డిగ్రీల దగ్గర ఉంటుంది, రోజూ టెంపరేచర్ చూసి రిజిస్టర్‌లో రాస్తాం. ఆ పేజీలు కూడా ఫోటో తీసి పంపాను. ఆ తర్వాత ఫోన్ ఎత్తడమే మానేశారు. చివరికి వాళ్ల గోడౌన్‌లో పనిచేసే ఒకాయన మొహమాటం లేకుండా అసలు మాట చెప్పేశాడు. మంచి స్టాక్ ముందు పెద్ద ఆర్డర్లకు పోతుందట, మిగిలింది "మీలాంటి వాళ్లకి" వస్తుందట. ఏళ్ల తరబడి ఒక్క బిల్లు కూడా లేటు చేయనివాణ్ణి. ఆ "మీలాంటి వాళ్లు" అన్న మాట నాకు ఇప్పటికీ మింగుడు పడలేదు, మీ దగ్గర దాచడం దేనికి.

వేరే సప్లయర్‌ని చూసుకుంటే సరిపోయేది. మా ఆవిడ మొదటిరోజే అదే చెప్పింది. "నీకు వచ్చింది సరుకు సమస్య, దాన్ని పౌరుషం సమస్య చేసుకోకు" అంది. ఆమె మాటలో న్యాయం ఉంది. అయినా నా బుర్ర మాత్రం దుంపల దగ్గరే తిరిగింది. మనమే కొని, మనమే కోసి, మనమే వేయిస్తే? రాత్రి పడుకునే ముందు 'అవును' అనుకునేవాణ్ణి, పొద్దున లేచేసరికి 'నీకెందుకీ గోల' అనిపించేది.

ఎందుకంత తర్జనభర్జన అంటే, ఫ్యాక్టరీ ఫ్రైతో పోటీ పడటం మామూలు విషయం కాదు. అక్కడ దుంపలకు ఆవిరితో తొక్క తీస్తారు. నీళ్లతో వేగంగా కత్తుల మీదికి నెడితే అన్నీ ఒకే మందంలో తెగుతాయి. వేడినీళ్లలో ఉడకబెట్టి లోపలి చక్కెరను వీలైనంత కడిగేస్తారు. కడిగేసిన తర్వాత మళ్లీ చక్కెర నీళ్లలో, అంటే డెక్స్‌ట్రోజ్‌లో, లెక్కగా ముంచుతారు. దుంప ఎక్కడ పండినా, ఏ కాలంలో తవ్వినా ఒకే బంగారు రంగు రావడం కోసం. బూడిద రంగు తిరగకుండా ఫాస్ఫేట్ అనే రకం రసాయనం ఒకటి కలుపుతారు. ఆరబెట్టి, సగం వేయించి, గడ్డకట్టించి పంపుతారు. మెక్‌డొనాల్డ్స్ కూడా మొదట్లో ఏ షాపుకా షాపులోనే దుంపలు కోసుకునేది. 1960లలో సింప్లాట్ అనే దుంపల వ్యాపారి ఫ్రోజెన్ ఫ్రైస్‌కి ఒప్పించాక ఆ పద్ధతి పోయింది. అప్పటినుంచి జనం నాలుకకు ఫ్రైస్ అంటే ఒకే రంగు, ఒకే పొడవు, ఒకే కరకర.

మామూలు దుంప అలా మాట వినదు. చల్లటి గోడౌన్‌లో ఎక్కువకాలం ఉంటే దానిలోని పిండిపదార్థం చక్కెరగా మారుతుంది, నూనెలో వేయగానే నల్లబడుతుంది. అది రంగు గొడవ ఒక్కటే అయితే నేను పట్టించుకోకపోదును. ఆ చక్కెరలు గట్టి వేడి మీద అక్రిలమైడ్ అనే, ఒంటికి మంచిది కాని పదార్థం పుట్టడానికి కారణమవుతాయి. వేయించిన దుంపల్లో అది ఉంటుందని 2002లో స్వీడన్ శాస్త్రవేత్తలు బయటపెట్టారు, తర్వాత యూరప్‌లో దాన్ని తగ్గించాలని హోటళ్లకు కూడా నిబంధనలు పెట్టారు. అందుకే మా దగ్గర ప్రతి బస్తా నుంచి ఒక దుంప ముందు కోసి వేయించి చూస్తున్నాం. నల్లబడితే బస్తా వాపసు. మిగతావి కోసి, చల్లటి నీళ్లలో నానబెట్టి, తడి పూర్తిగా ఆరాక రెండుసార్లు వేయిస్తున్నాం. నూనె 175 డిగ్రీలు దాటనివ్వం. అయినా కొన్ని ముక్కలు పొట్టిగా ఉంటాయి, కొన్ని ఒక పక్క ఎక్కువ ఎర్రగా వస్తాయి. అవి అంతే.

ఇప్పుడు నన్ను నొప్పించిన మాటకు వస్తాను. చాలాకాలంగా వస్తున్న ఒకాయన రెండు ముక్కలు తిని, "బాగానే ఉన్నాయి అన్నా, కానీ ఆ పెద్ద షాపులో లాగా లేవు" అన్నాడు. లేవు, ఉండవు కూడా. అమెరికాలోని స్టాన్‌ఫర్డ్‌లో 2007లో వచ్చిన ఒక పరిశోధన ఉంది. 3 నుంచి 5 ఏళ్ల పిల్లలు 63 మందికి ఒకే తిండిని రెండుసార్లు పెట్టారు, ఒకసారి మెక్‌డొనాల్డ్స్ కాగితంలో, ఇంకోసారి మామూలు కాగితంలో. మెక్‌డొనాల్డ్స్ కాగితంలోదే ఎక్కువ రుచిగా ఉందని పిల్లలు చెప్పారు. మామూలు క్యారెట్ ముక్కల విషయంలో కూడా! బడికి కూడా వెళ్లని పిల్లలకే అంత అలవాటు చేయగలిగినప్పుడు, మీ నాలుక ఏం చెబుతోందో, మీకు గుర్తున్న కాగితం ఏం చెబుతోందో ఒకసారి మీరే చూసుకోండి. ఇది నా ఉక్రోషమే అనుకున్నా సరే.

ఇంకో మార్పు కూడా ఉంది. లార్జ్ ప్యాకెట్ తీసేశాను. చేత్తో కోసే ఫ్రైస్‌కి ఒక రోజుకి ఇంతే అని లెక్క ఉంటుంది, ఇది మొదటి కారణం. రెండోది, ఆ లార్జ్ వెనక కథ తెలిశాక నాకు మనసొప్పలేదు. డేవిడ్ వాలర్‌స్టీన్ అనే ఆయన సినిమా హాళ్లు నడిపేవాడు. రెండో పాప్‌కార్న్ పొట్లం కొంటే పక్కవాళ్లు తిండిపోతు అనుకుంటారని జనం ఆగిపోతున్నట్టు గమనించి, పొట్లమే పెద్దది చేశాడు. తర్వాత మెక్‌డొనాల్డ్స్ బోర్డులో చేరి, పెద్ద ఫ్రైస్ ప్యాకెట్ పెట్టమని పట్టుబట్టాడు. కావాలంటే రెండు కొనుక్కుంటారుగా అని యజమాని రే క్రాక్ మొదట ఒప్పుకోలేదట. ఈ ఒక్క విషయంలో నేను రే క్రాక్ పక్షం. రెండు కావాలంటే రెండు తీసుకోండి, మా కౌంటర్‌లో ఎవరూ మిమ్మల్ని అదోలా చూడరు. "కాస్త కలిపితే పెద్దది వస్తుందండీ" అని అడిగే అలవాటు కూడా మాన్పించాను. దానివల్ల బిల్లులు కొంచెం తగ్గాయి. తగ్గనీ.

ఇక పని మాటలు. ఆర్డర్ ఇచ్చాక ఫ్రైస్‌కి మునుపటికంటే కాస్త ఎక్కువ సేపు పడుతుంది. బర్గర్ ముందు ఇచ్చేస్తాం, చల్లారుతుందని గొడవపడకుండా తింటూ ఉండండి. డెలివరీలో ఫ్రైస్ ఆపేశాం. మూత పెట్టిన బాక్స్‌లో ఆవిరి పట్టి మెత్తబడతాయి, ఆ తర్వాత తిట్లు నాకే పడతాయి. సాయంత్రం రద్దీ రోజుల్లో దుంపలు అయిపోతే ఫ్రైస్ లేవని కౌంటర్ మీద బోర్డు పెడతాం. బోర్డు చూశాక కూడా "లోపల కొంచెం ఉంటాయిలే" అని మా కుర్రాళ్లను అడగకండి. ఉంటే పెట్టేవాళ్లమే. ఫ్రీజర్‌లో పాత ప్యాకెట్లు ఒక్కటి కూడా లేవు.

ఆ సప్లయర్ మొన్న మళ్లీ ఫోన్ చేశాడు, ఈసారి మంచి స్టాక్ ఉందట. నేను ఎత్తలేదు. మా ఆవిడ ఎత్తి, మాకు అవసరం లేదండీ అని చెప్పింది.