హైడ్రోజన్ తీసి ఫ్లోరిన్ పెట్టామంటే సరిపోదు, పక్కపక్కన పెట్టి చూపించమనండి: కేంద్ర వాణిజ్య మంత్రి గారికి కందుకూరు నుంచి బహిరంగ లేఖ

గౌరవనీయులైన కేంద్ర వాణిజ్య, పరిశ్రమల శాఖ మంత్రి గారికి నమస్కారం.

సార్, మాది కందుకూరు. 2022 దాకా ప్రకాశం జిల్లాలో ఉండేవాళ్ళం, జిల్లాలు మార్చినప్పుడు నెల్లూరు జిల్లాలోకి వచ్చాం. నేను ఆర్గానిక్ కెమిస్ట్రీలో ఎమ్మెస్సీ చేసి హైదరాబాద్‌లో ఒక మందుల కంపెనీ ఆర్ అండ్ డీలో తొమ్మిదేళ్ళు పనిచేసి, ఇంట్లో పరిస్థితి వల్ల తిరిగొచ్చి ఇప్పుడు డిగ్రీ పిల్లలకి కెమిస్ట్రీ చెప్పుకుంటున్నా. పేటెంట్ ఆఫీసు మీ శాఖ కిందే ఉంది కాబట్టి మీకే రాస్తున్నా. ఫ్లోరిన్ ఉన్న కొత్త రసాయనాల మీద పేటెంట్ అడిగినప్పుడు ఆ క్లెయిములు, అంటే ఇది మాది అని కంపెనీ హక్కు కోరే వాక్యాలు, ఎట్టా పరీక్షించాలి అనేదే నా విషయం.

ఫ్లోరిన్ అనే మాట మా వైపు చిన్నపిల్లలకి కూడా తెలుసు సార్. మా అమ్మ పుట్టిల్లు పొదిలి పక్క పల్లె, మా అమ్మమ్మ చివరి పదేళ్ళు నడుం నిటారుగా నిలబెట్టింది లేదు, బోరు నీళ్ళు తాగి తాగి ఎముకలు బిగుసుకుపోయినాయి, పళ్ళమీద గారలు సరేసరి. 1937లోనే మద్రాసు ప్రెసిడెన్సీలో ఫ్లోరోసిస్ ఉందని డాక్టర్లు రాసింది మా ప్రాంతం గురించే, అప్పుడు పొదిలి, కనిగిరి, దర్శి అన్నీ నెల్లూరు జిల్లాలోనే ఉండేవి. అందుకే క్లాసులో ఫ్లోరిన్ పాఠం మొదలుపెట్టగానే పిల్లలు అది విషం గదా సార్ అంటారు. నేను ప్రతి ఏడూ చెప్పేది ఒకటే, రాళ్ళలోంచి కరిగి నీళ్ళలోకి వచ్చే ఫ్లోరైడ్ వేరు, మందుబిళ్ళలో కర్బనానికి గట్టిగా అతుక్కున్న ఫ్లోరిన్ వేరు, రెండూ కలిపి భయపడొద్దు అని. కర్బనంతో ఒంటి బంధాల్లో దీనంత గట్టిది లేదు, ఆ గట్టిదనం వల్లే మందుల్లో దానికి అంత గిరాకీ. మీకూ మాకూ తెలిసిన సిప్రోఫ్లాక్సాసిన్, కొలెస్ట్రాల్‌కి వేసుకునే అటోర్వాస్టాటిన్, షుగర్‌కి వేసుకునే సిటాగ్లిప్టిన్, అన్నిట్లో ఫ్లోరిన్ ఉంది, సిటాగ్లిప్టిన్‌లో అయితే ఒక్క అణువులో ఆరు ఫ్లోరిన్లు ఉన్నాయి.

ఇప్పుడు నేను ల్యాబులో కళ్ళారా చూసింది చెప్తాను. ఒక కాంపౌండ్ పనిచేస్తుందని తెలియగానే మా సీనియర్ చెప్పే మొదటి మాట ఏందంటే బెంజీన్ రింగు మీద ఒక్కో చోట ఒక్కో ఫ్లోరిన్ పెట్టి మూడు నాలుగు చేసి చూడండి అని, పారా అనే చోట ఒకటి, మెటా అనే చోట ఒకటి, వీలైతే మిథైల్ తీసి దానికి మూడు ఫ్లోరిన్లున్న ట్రైఫ్లోరోమిథైల్ పెట్టి ఇంకొకటి. ఫ్లోరిన్ సైజులో హైడ్రోజన్ కంటే కొంచమే పెద్దది కాబట్టి చాలాసార్లు అదే చోట ఇమిడిపోద్ది, లివర్‌లోని ఎంజైములు ఎక్కడ కొరుకుతాయో అక్కడ పెడితే మందు ఒంట్లో ఎక్కువసేపు నిలబడే అవకాశం ఉంటది. కావలసిన ఫ్లోరో ముడిసరుకు క్యాటలాగులో చూసి ఆర్డర్ పెడితే వచ్చేది. ఇందులో మా మేధస్సు ఏమీ లేదు, చెప్పిన పని చేసేవాళ్ళం అంతే. ఈ ఎత్తు కొత్తదీ కాదు, యురాసిల్‌లో ఒక్క హైడ్రోజన్ తీసి ఫ్లోరిన్ పెట్టి ఫ్లోరోయురాసిల్ అనే క్యాన్సర్ మందు 1957లోనే బయటికొచ్చింది. అప్పుడది గొప్ప ఆలోచన, ఇప్పుడది ల్యాబులో రోజువారీ పని.

మరి ఫ్లోరిన్ మార్పు అంతా ఉత్తదేనా అంటే కాదు, ఈ మాట కూడా నిజాయితీగా చెప్పాలి. మూత్రం ఇన్ఫెక్షన్లకి తప్ప పెద్దగా పనికిరాని నాలిడిక్సిక్ ఆసిడ్ అనే పాత మందు కుటుంబంలోనే ఆరో స్థానంలో ఫ్లోరిన్, ఏడో స్థానంలో పైపెరజీన్ అనే రింగు పెట్టేసరికి నార్‌ఫ్లాక్సాసిన్ వచ్చింది, దాని వెనకాలే సిప్రో వచ్చింది, బ్యాక్టీరియా మీద ఆ బలానికీ పాతదాని బలానికీ పోలికే లేదు. ఇంకో ఉదాహరణ నాకు చాలా ఇష్టమైనది, సొరాఫెనిబ్, రెగొరాఫెనిబ్ అనే రెండు క్యాన్సర్ మందులు. రెండిటి బొమ్మలు పక్కపక్కన పెడితే తేడా ఒకే ఒక్క ఫ్లోరిన్. ఆ ఒక్క ఫ్లోరిన్ మందు ఎవరిదనే దాని మీద అమెరికాలో రెండు కంపెనీలు 2009లో కోర్టుకెక్కి 2011లో రాజీపడినాయి. సొరాఫెనిబ్ వాడినా లివర్ క్యాన్సర్ ముదిరిన వాళ్ళకి ఆ తర్వాత రెగొరాఫెనిబ్ కొంత పనిచేస్తుందని ట్రయల్స్‌లో తేలి 2017లో అమెరికాలో దానికి అనుమతి కూడా వచ్చింది. అంటే ఒక్క ఫ్లోరిన్ కొన్నిసార్లు పెద్ద తేడానే తెస్తుంది, కొన్నిసార్లు ఏమీ తేదు, బొమ్మ చూసి ఎవరూ చెప్పలేరు, పరీక్ష చేసిన అంకెలు చూస్తేనే తెలుస్తుంది. నా బాధంతా ఆ అంకెల గురించే సార్.

పోయిన ఏడాది ఒక కంపెనీ అప్లికేషన్ పబ్లిష్ అయితే కూర్చుని మొత్తం చదివాను. మొదటి క్లెయిములో ఒక పెద్ద మార్కుష్ ఫార్ములా, అంటే ఒకే బొమ్మలో బోలెడు కాంపౌండ్లు ఇమిడ్చేది, ఆర్1 నుంచి ఆర్5 దాకా, ఒక్కోటి హైడ్రోజన్ కావచ్చు, హాలోజన్ కావచ్చు, హాలోఆల్కైల్ కావచ్చు అంటా ఒక లిస్టు. ఐదు చోట్లా పదేసి ఎంపికలు అనుకున్నా 1,00,000 కాంపౌండ్లు అవుతాయి, వాళ్ళు నిజంగా చేసి చూపించింది వందకి లోపే. సరే, అది ఈ రంగంలో మామూలే. నాకు కష్టమనిపించింది టేబుల్ దగ్గర. కాంపౌండ్లు ఎంత బలంగా పనిచేస్తున్నాయో అంకెలు ఇవ్వలేదు, ఏ, బి, సి అని గ్రేడులు ఇచ్చారు, ఏ అంటే 100 నానోమోలార్ లోపు అంట, ఈ అంకె ఎంత తక్కువైతే మందు అంత బలం. అందులో 2 ఉండొచ్చు, 95 ఉండొచ్చు, రెండూ ఏ నే. పైగా వాళ్ళ ముఖ్యమైన ఫ్లోరో కాంపౌండ్‌కి అన్నిటికంటే దగ్గరిది, అంటే ఫ్లోరిన్ బదులు హైడ్రోజన్ ఉన్నది, అంతకుముందే వేరే పేటెంట్‌లో బయటపడిన కాంపౌండ్, అది ఆ టేబుల్‌లో లేనే లేదు. పాతదాని మీద కొత్తది ఎంత మెరుగో తెలుసుకోవడానికి ఉన్న ఒక్క దారి మూసేస్తే పేటెంట్ ఆఫీసులో ఫైలు పరీక్షించే ఎగ్జామినర్ మాత్రం ఏం చూసి తేల్చాలి సార్?

పేటెంట్ చట్టం మన దగ్గర గట్టిగానే ఉంది. ఆ పని తెలిసిన మనిషికి ఇట్టే తట్టేదైతే ఆవిష్కరణ కాదని సెక్షన్ 2(1)(జెఏ) చెప్తుంది. తెలిసిన పదార్థానికి ఉప్పులు, ఐసోమర్లు, ఇతర డెరివేటివ్‌లు చేసి గుణంలో చెప్పుకోదగ్గ మెరుగు చూపించకపోతే పాతదానిగానే లెక్క అని సెక్షన్ 3(డి) చెప్తుంది. మందుల విషయంలో ఆ మెరుగు అంటే రోగం తగ్గించడంలో మెరుగే అని 2013 ఏప్రిల్ 1న సుప్రీంకోర్టు నొవార్టిస్ కేసులో తేల్చింది. క్లెయిము స్పష్టంగా ఉండాలి, లోపల చూపించిన దానికి తగ్గట్టు ఉండాలి అని సెక్షన్ 10 చెప్తుంది. ఇవన్నీ ఉన్నా ఫ్లోరో అనలాగ్, అంటే పాతదానికి ఫ్లోరిన్ తగిలించిన కాంపౌండ్, మాటకొచ్చేసరికి అసలు ప్రశ్న అడిగేదీ లేనిదీ ఆ ఫైలు చూసే మనిషి ఓపికని బట్టి ఉండకూడదు గదా.

సామాన్యుడికి దీంతో పనేంది అనుకోవద్దు. మా అమ్మ షుగర్‌కి సిటాగ్లిప్టిన్ వేసుకుంటది, మా బాబాయి మెడికల్ షాపు నుంచి నెలనెలా తెచ్చేవాణ్ణి, ఆ బిల్లు చూసి అమ్మ రోజు మార్చి రోజు వేసుకున్న నెలలు ఉన్నాయి, మాకు చెప్పకుండా. 2022 జులైలో దాని పేటెంట్ అయిపోయింది, కొన్ని నెలల్లోనే జనఔషధి షాపులో 50 మిల్లీగ్రాములవి పది మాత్రలు 60 రూపాయలకి వచ్చినాయి. ఆ మందు నిజమైన ఆవిష్కరణ, దానికి 20 ఏళ్ళు ఇవ్వడం న్యాయమే, నాకేమీ అభ్యంతరం లేదు. సరైన పరీక్ష లేకుండా ఇంకో మందుకి ఇంకో 20 ఏళ్ళు పోతే మాత్రం ఇంకెవరి అమ్మో మాత్రలు దాచిపెట్టుకుని సగం సగం వేసుకుంటది. సొరాఫెనిబ్ అప్పట్లో నెలకి 2,80,000 రూపాయలు ఉంటే 2012లో కంపల్సరీ లైసెన్స్, అంటే పేటెంట్ ఉన్నా వేరే కంపెనీ చేసి అమ్ముకునే అనుమతి, ఇచ్చాక 9,000 లోపుకి వచ్చింది, ఇది మీ శాఖలో అందరికీ తెలిసిన ఫైలే.

పొలం మందుల్లోనూ ఇదే కథ. మా వైపు వరిలో మొగి పురుగుకి చల్లే ఫిప్రోనిల్ గుళికల్లో ఫ్లోరిన్ ఉంది, కొత్తగా వస్తున్న చాలా పురుగుమందుల్లో ఉంది. వీటిలో కొన్ని గానీ, అవి విరిగితే మిగిలే ముక్కలు గానీ మట్టిలో నీళ్ళలో ఏళ్ళ తరబడి పోవు. మనుషులకీ పశువులకీ పర్యావరణానికీ తీవ్ర హాని చేసేదానికి పేటెంట్ ఇవ్వకూడదని సెక్షన్ 3(బి) ఉంది, పొలంలో చల్లే ఫ్లోరో కాంపౌండ్ల దగ్గర కనీసం ఆ ప్రశ్న అయినా ఒకసారి వెయ్యమనండి. నీళ్ళు పాడైతే ఎట్టా ఉంటదో మా పొదిలి వాళ్ళని అడగండి చెప్తారు.

నేను అడిగేది చాలా చిన్నది. ఫార్మా పేటెంట్ల పరీక్షకి 2014 అక్టోబర్‌లో మీ పేటెంట్ ఆఫీసు గైడ్‌లైన్స్ ఇచ్చింది, మార్కుష్ క్లెయిముల సంగతి అందులో ఉంది. దానికి ఫ్లోరిన్ మార్పు గురించి విడిగా ఒక్క పేరా కలపండి. కొత్తదనం అంతా హైడ్రోజన్ బదులు ఫ్లోరిన్, మిథైల్ బదులు ట్రైఫ్లోరోమిథైల్ అయినప్పుడు, దానికి అన్నిటికంటే దగ్గరి పాత కాంపౌండ్‌తో కలిపి, ఒకే ల్యాబులో ఒకే పద్ధతిలో చేసిన పరీక్ష ఫలితాలు, గ్రేడులు కాదు, అసలు అంకెలు, మొదటి ఎగ్జామినేషన్ రిపోర్టులోనే అడగాలి అని రాయండి. ఇవ్వకపోతే క్లెయిము అంకెలు చూపించిన కాంపౌండ్ల దాకా కుదించాలి, ఇస్తే ఆ అంకెలు అందరూ చూసేట్టు ఫైల్లో పెట్టాలి. నిజంగా కనిపెట్టిన కంపెనీకి ఇందులో నష్టమేమీ లేదు, ఆ పరీక్షలు వాళ్ళు ఎటూ చేసుకునే ఉంటారు, తొమ్మిదేళ్ళు ఆ టేబుళ్ళు నింపినవాణ్ణి, నాకు తెలుసు.

ఇంకొకటి, పేటెంట్ ఇవ్వకముందే ఎవరైనా అభ్యంతరం చెప్పొచ్చని సెక్షన్ 25(1) ఉంది గదా, 2024 మార్చిలో రూల్స్ మార్చి దానికి ఫీజు పెట్టారు, అసలు విచారణకి తీసుకోవాలా వద్దా అని ముందే చూసే పద్ధతీ పెట్టారు. రోగుల సంఘాలకీ, నాలాంటి టీచర్లకీ ఆ ఫీజు తీసెయ్యండి. నేను చదివిన ఆ అప్లికేషన్ ఇంకా తేలలేదు, నా అభ్యంతరం పదకొండు పేజీలు రాసి పెట్టుకున్నా, ఈ నెల జీతం రాగానే ఫీజు కట్టి పంపిస్తాను.

ఇట్లు,
కందుకూరు నుంచి ఒక కెమిస్ట్రీ లెక్చరర్