మురుకుల గొట్టాలు బీటలు వారిన సంగతి

దీపావళి వెళ్లి వానలు పట్టుకున్న పది రోజుల్లో మా కొట్టుకు ఏడు మురుకుల గొట్టాలు తిరిగి వచ్చాయి. ఏడింటికీ ఒకటే జబ్బు, మూతి దగ్గర మొదలై నిలువునా వెంట్రుక మందాన బీట. పొదలకూరు నుంచి వచ్చిన అమ్మగారు గొట్టం బల్ల మీద పెట్టి, "మీ నాన్నగారు చేసినది ముప్పై ఏళ్లు వాడాను, మీది రెండు నెలలు" అని వెళ్లిపోయారు. డబ్బు అడిగినా బాగుండేది.

మేము ఇత్తడి పోత పోయం. పైపు తెప్పించుకుని కోస్తాం. పన్నెండేళ్లుగా పైపు పంపుతున్న వ్యాపారి ఈసారి లోపలి కొలత అర మిల్లీమీటరు ఎక్కువున్న సరుకు పంపాడు. ఫోను చేస్తే "అర మిల్లీమీటరే కదా" అన్నాడు. ఆయన ఎప్పుడూ మురుకులు వత్తినట్లు లేదు. అంత సందు ఉంటే దిమ్మ నొక్కగానే పిండి పక్కల నుంచి పైకి తన్నుకొస్తుంది. మీ ఇళ్లలో అత్తగార్ల నాటి బిళ్ళలు వదులై ఒరిగిపోతాయి. వెనక్కి తీసుకోమంటే లారీ కిరాయి నన్నే పెట్టుకోమన్నాడు. తర్వాత నాలుగుసార్లు చేసినా ఫోను ఎత్తలేదు. నాకు పౌరుషం వచ్చింది. ఉక్కు డై, అంటే గొట్టాన్ని లోంచి నెట్టి సన్నబరిచే అచ్చు, చేయించి నేనే కొలతకు తెస్తానన్నాను.

ఆ డై కోసం వారం రోజులు నిద్ర లేదు. మూతి వరకే నొక్కాలా, గొట్టం మొత్తమా? మూతి వరకే నొక్కితే పని తేలిక, కానీ లోపల మెట్టు పడి దిమ్మ అక్కడ ఆగుతుంది. మొత్తం నొక్కాలనే నిర్ణయించాను. డైలోంచి బయటికి రాగానే ఇత్తడి కొద్దిగా సాగి వెనక్కి వస్తుంది, అందుకని డైని కావలసిన కొలత కన్నా ఓ వెంట్రుక తక్కువగా తొలిపించాను. ఆముదం రాసి జాకీతో నెట్టాను. కొలత అద్దినట్లు కుదిరింది. ఇంతవరకు నా పనికి వంక లేదు.

తప్పు ఆ తర్వాతిది. నొక్కిన ఇత్తడిలో బిగువు మిగులుతుంది. కాస్త వేడి చేస్తే పోతుంది. వేడి చేస్తే గొట్టం మెత్తబడి గట్టి పిండికి ఉబ్బుతుందని భయపడి మానేశాను. బీటలు వచ్చాక, మా వినియోగదారుల్లోనే ఒక రిటైర్డు మాస్టారు కారణం చెప్పారు. బ్రిటిష్ వాళ్ల కాలంలో మన దేశంలో తూటాల ఇత్తడి తొడుగులు వానాకాలంలో గుర్రపుశాలల్లో ఉంచితే ఇలాగే పగిలేవట. లోపలి బిగువుకు తేమ, గుర్రాల మూత్రం నుంచి వచ్చే అమ్మోనియా తోడైతే ఇత్తడి చీలుతుందని 1921లో తేల్చారట. పొదలకూరు అమ్మగారి గొట్టం ఉండేది గొడ్ల చావిడి పక్క అటక మీద. అయినా నేరం గొడ్లది కాదు, నాది.

ఇప్పుడు ప్రతి గొట్టాన్నీ డై నుంచి తీశాక 250 నుంచి 300 డిగ్రీల మధ్య గంటసేపు ఉంచుతున్నాను. ఎర్రగా కాల్చడం లేదు కాబట్టి గట్టితనం పోదు. గ్యాసు ఖర్చుకు నలభై రూపాయలు పెరిగింది.

వినాయక చవితి తర్వాత కొన్నవారు గొట్టం మూతి చుట్టూ గోరు పెట్టి చూడండి. అడ్డం తగిలినా, వేలితో కొడితే మోగకుండా డొక్కుగా పలికినా తీసుకురండి. బీట లేకపోయినా తీసుకురండి, మార్చి ఇస్తాను. బిల్లు అక్కర్లేదు, నా గొట్టం నేను గుర్తుపడతాను. మీ బిళ్ళలు కూడా తెండి, సరిపోతున్నాయో లేదో మీ ఎదుటే చూస్తాను. స్టీలువి అమ్ముకోమని సలహా ఇచ్చినవారికి దండం. ఈ కొట్టులో నేను ఉన్నన్నాళ్లూ ఇత్తడే.

ఆ వ్యాపారి నిన్న తానే ఫోను చేశాడు, కొత్త సరుకు వచ్చిందట. ముందు ఒక్క ముక్క పంపు, కొలిచి చెబుతానన్నాను. ఇంకా రాలేదు.