ఒక్క కన్నే ముందుకొస్తే కళ్లద్దాలు మార్చి ఊరుకోవద్దు

సంపాదకులకు నమస్కారం.

ఒక కన్ను మాత్రమే నెమ్మదిగా ముందుకు పొడుచుకొస్తున్నవారికి అద్దాల నంబరు మార్చో, థైరాయిడ్ మాత్రలు రాసో పంపేయడం మన ప్రాంతంలో ఇంకా జరుగుతోంది. పెద్దవాళ్లలో దీనికి ఎక్కువగా థైరాయిడే కారణం, కాదనం. కానీ కంటి వెనక గడ్డ కూడా కారణం కావచ్చు, అందుకే రెండు కళ్లు ముందుకొచ్చినదాంట్లో తేడా 2 మిల్లీమీటర్లు దాటితే స్కాన్ తీయాల్సిందే. ఆ కంటికి ఎరుపు రంగు వెలిసినట్టు కనిపిస్తే ఒక్క వారం కూడా ఆగకూడదు. కంటి నరం నలుగుతోందని అర్థం. మామూలు బ్రెయిన్ సీటీ చాలదు. ఎముక వివరంగా కనిపించే ఆర్బిట్ (కంటి గూడు) సీటీ, కాంట్రాస్ట్ మందు ఎక్కించి తీసే ఎంఆర్‌ఐ కావాలి. ఆ ఎంఆర్‌ఐలో కంటి వెనక కొవ్వూ గడ్డా రెండూ తెల్లగానే కనిపిస్తాయి కాబట్టి, కొవ్వు తెలుపును అణచి (ఫ్యాట్ సప్రెషన్) తీయమని చీటీలో రాయాలి.

ఆపరేషన్‌లో మొదటి సూత్రం, కంటి నరాన్ని దాటి పరికరం పోకూడదు. అందుకే నరానికి ముక్కు వైపున్న గడ్డను ముక్కులోంచి ఎండోస్కోపుతో, కణత వైపున్నదాన్ని పక్కనుంచి తీస్తారు. కంటి గూడు వెనకుండే స్ఫినాయిడ్ ఎముకలోకి పాకిన మెనింజియోమా (మెదడు పొరల్లో పుట్టే గడ్డ) అయితే పుర్రె తెరవాలి. కంటిని తోసేది చాలావరకు ఆ గడ్డ వల్ల మందమైన ఎముకే. దాన్ని డ్రిల్లుతో అరగదీసేటప్పుడు నీళ్లు ఆగకుండా పడాలి, లేకపోతే ఆ వేడికే నరం పాడవుతుంది. కంటి గూడు వెనక, పుర్రె అడుగున ఉండే కావెర్నస్ సైనస్ అనే రక్తపు గదిలోకి వెళ్లిన గడ్డ ముక్కను వదిలేయడం చేతకానితనం కాదు. కన్ను తిప్పే నరాలు, మెదడుకు రక్తం తీసుకెళ్లే కెరోటిడ్ ధమని అక్కడే ఉన్నాయి. మిగిలిన ముక్కను ఎంఆర్‌ఐలతో గమనిస్తూ, పెరిగితే రేడియేషన్ ఇస్తారు. నరం తొడుగుకే పుట్టిన మెనింజియోమాను మాత్రం చూపు ఉండగా కోయకూడదు. నరానికి, గడ్డకు రక్తం ఒకే చోటనుంచి అందుతుంది, గడ్డతోపాటు చూపూ పోతుంది.

ఆపరేషన్ రాత్రి గంటగంటకూ చూపు పరీక్షించాలి. కన్ను రాయిలా గట్టిపడి, నొప్పితో చూపు తగ్గితే లోపల రక్తం నిండుతున్నట్టే. స్కాన్ కోసం ఎదురుచూడకుండా కనురెప్పల బయటి మూలను అక్కడికక్కడే కోసి ఒత్తిడి తగ్గించాలి. గంటన్నర, రెండు గంటలు దాటితే చూపు తిరిగి రావడం కష్టం. ఇంటికి వెళ్లాక వంగినప్పుడు ముక్కులోంచి నీళ్లలా కారితే జలుబు అనుకోవద్దు, చీదొద్దు. అది మెదడు చుట్టూ ఉండే ద్రవం కావచ్చు, మెనింజైటిస్‌కు (మెదడు పొరల ఇన్ఫెక్షన్‌కు) దారి తీయొచ్చు.

ఏ దారిన వెళ్లాలన్నది కంటి, న్యూరో, ఈఎన్‌టీ సర్జన్లు కలిసి తేల్చాల్సిన విషయం. గుంటూరు జీజీహెచ్‌లో (ప్రభుత్వ సర్వజన ఆసుపత్రిలో) ఈ మూడు విభాగాలూ ఉన్నాయి. వారానికి ఒక పూట ముగ్గురూ ఒకే గదిలో కూర్చుని ఈ స్కాన్లు చూసేలా ఉమ్మడి ఓపీ పెట్టాలని అధికారులను కోరుతున్నాం.

— కంటి, న్యూరో శస్త్రవైద్యులు, గుంటూరు