జాతిహననానికి మన చట్టంలో సెక్షన్ ఏది? హోంమంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన కేంద్ర హోంమంత్రి గారికి నమస్కారం.

జాతిహననాన్ని నేరంగా గుర్తించే ఐక్యరాజ్యసమితి ఒప్పందం మీద మన దేశం 1949లో సంతకం పెట్టింది, 1959లో ధ్రువీకరించింది. దాని అమలుకు సొంత చట్టం చేసుకోవాలని అందులోని ఐదో అధికరణం చెబుతోంది. ఆ చట్టం ఇంతవరకూ రాలేదు. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలోనూ ఆ సెక్షన్ లేదు. పాత శిక్షాస్మృతిని తిరగరాసినప్పుడే తేలిగ్గా అయిపోవాల్సిన పని ఇది.

హత్యకు సెక్షన్లున్నాయి కదా అని మీ శాఖ అనవచ్చు. గుంపు హత్యలకు 103(2) పెట్టారు, మంచిదే. కానీ హత్య కేసులో కోర్టు చూసేది ఫలానా మనిషిని చంపారా లేదా అని. ఇక్కడ తేల్చాల్సింది వేరు: ఒక జాతినో తెగనో మతస్థులనో, వాళ్లు ఆ సమూహం వాళ్లయినందుకే, పూర్తిగానో కొంతమేరకో లేకుండా చేయాలన్న ఉద్దేశం. పుట్టుకలు ఆపడం, పిల్లల్ని బలవంతంగా వేరే సమూహానికి తరలించడం కూడా ఇందులోకే వస్తాయి.

అలాంటి ఉద్దేశాన్ని కాగితం మీద రాసిపెట్టేవాళ్లు అరుదు. మరి రుజువెలా? రువాండాలోని తబాకు మేయర్‌గా ఉన్న జాన్ పాల్ అకయేసు కేసు చూడండి. 1994 ఏప్రిల్‌లో టుట్సీ తెగవాళ్ల ఊచకోత మొదలైనప్పుడు, మొదట కొన్నాళ్లు హత్యల్ని అడ్డుకున్నాడు. పైవాళ్లతో మీటింగ్ అయ్యాక ప్లేటు ఫిరాయించి, జనాన్ని రెచ్చగొట్టాడు. ఆ ఊచకోత కేసుల కోసం టాంజానియాలోని అరూషాలో పెట్టిన అంతర్జాతీయ ట్రిబ్యునల్ అతని మాటల్నీ, టుట్సీలనే ఏరి చంపిన తీరునూ కలిపి చూసి ఉద్దేశాన్ని నిర్ధారించింది. అత్యాచారాల సంగతి మొదటి అభియోగపత్రంలో లేనేలేదు. సాక్షులు నోరు విప్పాక 1997లో చేర్చారు. 1998 సెప్టెంబరు 2 తీర్పు వాటినీ జాతిహననంగానే లెక్కించింది. అకయేసుకు యావజ్జీవం పడింది.

ఇక్కడైతే? రెచ్చగొట్టిన మాటకూ జరిగిన హత్యకూ ముడి వేయలేకపోతే, మిగిలేది వర్గాల మధ్య శత్రుత్వం రెచ్చగొట్టడానికి పెట్టిన 196వ సెక్షన్. దాని కింద శిక్ష సాధారణంగా మూడేళ్లకు మించదు. ఒక్కో స్టేషన్లో ఒక్కో ఎఫ్ఐఆర్. వెనకుండి నడిపించినవాడు ఏ ఒక్కదాంట్లోనూ పూర్తిగా కనపడడు. 1984 సిక్కుల ఊచకోత కేసులో ఢిల్లీ హైకోర్టు 2018 డిసెంబరులో, జాతిహననం మన చట్టంలో నేరంగా లేదన్న ఈ లోటునే ఎత్తిచూపి, వెంటనే సరిదిద్దాలంది. ఆ తీర్పు రావడానికే 34 ఏళ్లు పట్టింది!

ఒప్పందంలోని నిర్వచనాన్ని ఉన్నదున్నట్టు తీసుకుని బిల్లు తెండి. కుట్రనూ, బహిరంగంగా ఉసిగొల్పడాన్నీ విడి నేరాలుగా చేర్చండి. పాలకులైనా అధికారులైనా శిక్ష తప్పదని నాలుగో అధికరణం చెబుతోంది కాబట్టి, వాళ్లపై కేసుకు ముందస్తు అనుమతి కావాలన్న నిబంధన ఈ నేరానికి వర్తించకూడదు. బిల్లు తెచ్చే ఆలోచన లేకపోతే, ఎందుకు లేదో పార్లమెంటులో చెప్పండి.

ఇట్లు,
ఒక పౌరుడు